అత్తగారు చేసిన తల

అత్తగారు అల్లుడి తల చేస్తోందట. అత్తగారి పక్కింటావిడ ఫోన్లో చెప్పిన ఈ కబురును భార్య కాఫీతో పాటు తెచ్చి లేబుళ్ళాయన ముందు పెట్టింది.

"మట్టితోనండీ. మూడు నెలలుగా షెడ్డు తలుపేసుకుని అదే పనట. ఈవిడ కిటికీలోంచి తొంగి చూసిందట. అచ్చం మీరేనట."

లేబుళ్ళాయనకు కాఫీ ఇంకాస్త తియ్యగా అనిపించింది. ఆయన మ్యూజియంలో పనిచేస్తాడు. బొమ్మ కింద అట్టముక్క మీద రెండు వాక్యాలు రాయడం, వాటి వల్లే బొమ్మ నిలబడిందని అనుకోవడం ఆయన ఉద్యోగం. ఆ సాయంత్రమే పన్నెండు మంది మహిళా శిల్పుల ప్రదర్శన మొదలవుతుంది. పన్నెండో శిల్పి అత్తగారే. పోయిన ప్రదర్శనలో మ్యూజియం స్థాపించిన పెద్దమనిషి విగ్రహం కిందా, రాతి ఏనుగు కిందా లేబుళ్ళు తారుమారు చేసినప్పుడు డైరెక్టరు గారు ఒకటే మాట అన్నారు. "ఇంకొక్క తప్పు చేశావంటే టికెట్ల కిటికీలో కూర్చుంటావు."

తన శిల్పం సాయంత్రం తనే తెస్తానని అత్తగారు చెప్పే ఉంది. "పెద్దావిడ, అంత బరువు మోయడమెందుకు, నేనే పట్టుకెళతా" అన్నాడు లేబుళ్ళాయన. అసలు సంగతి, తన తలను అందరికంటే ముందు తను చూసుకోవాలని. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా, బట్టలకు మట్టి అంటుతుందని ఆ షెడ్డులో ఒక్కసారీ అడుగు పెట్టని మనిషి, ఆ పొద్దున స్కూటరేసుకుని బయల్దేరాడు.

అత్తగారు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. షెడ్డు తలుపు చేరవేసి ఉంది. లోపల గుమ్మం పక్కనే స్టూలు మీద కాల్చిన మట్టి తల ఒకటి ఉంది. ఎత్తి పెట్టిన ముక్కు, ఉబ్బిన బుగ్గలు, ఎదుటివాడి మాట పూర్తికాకముందే జవాబు చెప్పబోతున్నట్టు తెరిచిన నోరు. "ఎవడో పాపం, వీణ్ణి ఇంట్లోవాళ్ళు ఎలా భరిస్తున్నారో" అని జాలిపడ్డాడు. హెల్మెట్ పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేక వాడి నెత్తిన పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

నడిమి బల్ల మీద తడిగుడ్డ చుట్టిన ముద్ద కనిపించింది. భార్యకు ఫోన్ చేశాడు.

"దొరికిందే. విప్పి చూడనా?"

"విప్పకండి. పచ్చి మట్టి ఆరితే పగులుతుందని అమ్మ ఎప్పుడూ తడిగుడ్డ కప్పే ఉంచుతుంది. పగిలిందంటే మీకు టికెట్ల కిటికీయే."

విప్పలేదు. ముద్దను స్కూటరు మీద కాళ్ళ మధ్య పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని నిమురుతూ మ్యూజియం చేరాడు. హెల్మెట్ సంగతి గుర్తే లేదు.

లేబుల్ రాయడానికి గంట పట్టింది. "అల్లుడు. మట్టి. ఒక శిల్పి తన ఇంటి మేధావిని దర్శించిన తీరు."

"గుడ్డ విప్పవేమయ్యా?" అన్నారు డైరెక్టరు గారు.

"పగులుతుంది సార్. సాయంత్రం ముఖ్య అతిథి చేత విప్పిద్దాం."

డైరెక్టరు గారికి ఆ ఆలోచన నచ్చింది. హాలు మధ్యలో ఉన్న నల్లరాతి శిల్పాన్ని నలుగురు మోసి మూలకు జరిపారు. ముద్ద మధ్యకు వచ్చింది. నాలుగు దీపాలు దాని మీదకు తిప్పారు. ఆ వేడికి గుడ్డ ఆరిపోతోంటే లేబుళ్ళాయన తోటమాలి స్ప్రేయరు తెచ్చి పావుగంటకోసారి కొట్టాడు. నీళ్ళు కారి మడుగు కట్టాయి. "ఏడుస్తోందా?" అని అడిగింది నల్లరాతి శిల్పం చెక్కినావిడ. "లోతైన మనిషి కదండీ" అన్నాడు.

సాయంత్రం ముఖ్య అతిథి, ముసలి చిత్రకళ మాస్టారు, ఒక్కో మడతా విప్పారు. లోపల మట్టిముద్ద ఉంది. ముక్కు లేదు, నోరు లేదు. పైన నాలుగు వేళ్ళ సొట్టలు మాత్రం ఉన్నాయి. మాస్టారు లేబుల్ చదివారు, లేబుళ్ళాయనను చూశారు, మళ్ళీ ముద్దను చూశారు.

"పోలిక దొరికింది" అన్నారు నెమ్మదిగా.

చప్పట్లు మోగాయి. ఎవరో వచ్చి చెయ్యి కలిపారు. లేబుళ్ళాయన కాసేపు తటపటాయించాడు గానీ చప్పట్లు ఆగలేదు. చివరికి, "ఆ నాలుగు సొట్టలూ నా ఆలోచనలు" అని తనే వివరించడం మొదలుపెట్టాడు.

అప్పుడే అత్తగారు వచ్చింది. చేతుల్లో పసిబిడ్డలా పట్టుకున్న కాల్చిన తల, దాని మీద హెల్మెట్.

"ఇది మర్చిపోయి వచ్చారు, అల్లుడు గారూ" అంటూ తలను ముద్ద పక్కన దించి, హెల్మెట్ తీసి ఆయన చేతికిచ్చింది.

హాలంతా తలను చూసింది. తర్వాత ఆయనను చూసింది. ఆయన ఏదో చెప్పబోతూ ముక్కెత్తి, నోరు తెరిచి నిలబడ్డాడు. లేబుల్‌తో ఎవరికీ పని పడలేదు.

"మరి ఇదేంటమ్మా?" డైరెక్టరు గారు ముద్దను చూపించారు.

"రేపటి పనికి నానబెట్టుకున్న మట్టి. మధ్యాహ్నం నుంచీ ఇల్లంతా వెతుకుతున్నా."

డైరెక్టరు గారు లేబుళ్ళాయన వైపు తిరిగారు. "రేపట్నుంచి నువ్వు టికెట్ల కిటికీలో కూర్చో."

"అక్కడ వద్దండీ" అంది అత్తగారు, తడిగుడ్డను పిండుతూ. "కిటికీ దగ్గరైతే వచ్చినవాళ్ళ మొహాలు చూడాలి. లేబుళ్ళే రాయనివ్వండి, వాటికి ఏదీ చూడక్కర్లేదు."