రెండో సభ్యుడు

పురపాలక సంఘం ఊళ్లో ఒంటరితనాన్ని రద్దు చేసిన నెలకు, సుభాషిణి ఇంటికి రెండో కుటుంబ సభ్యుడు ప్లాస్టిక్ కుండీలో వచ్చాడు. ఊరి లెక్కల్లో ఒక్కరే ఉన్న ఇళ్లు పదకొండు వందలని తేలింది. అంకె బాగాలేదని పైనుంచి చీవాట్లు వచ్చాయి. ఇంటికొక సభ్యుణ్ని మంజూరు చేస్తే అంకె సున్నాకు దిగుతుందని కమిటీ తేల్చింది. వెతికితే మనుషులు దొరకలేదు. కడియం నర్సరీల్లో మొక్కలు దొరికాయి.

వచ్చినవాడు ఫిలోడెండ్రాన్. ఎక్కడో వేడి దేశపు అడవుల్లో పెరిగే రెండు రకాలను కలిపి పుట్టించిన సంకర మొక్క. పూయడు, కాయడు, ఉన్నదంతా వెడల్పాటి ఆకులే, వాటి మీద లేత పసుపు చారలు. రేషన్ కార్డులో చేర్చేటప్పుడు తల్లి, తండ్రి గడుల్లో ఆ రెండు రకాల పేర్లు రాశారు. వేలిముద్ర బదులు ఆకుముద్ర తీసుకున్నారు. కులం దగ్గర గుమస్తా కాసేపు పెన్ను కొరికి, "ఇతరులు" అని రాశాడు.

సుభాషిణికి యాభై మూడేళ్లు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఇరవై ఆరేళ్లు బస్సుల రాకపోకలు చెప్పింది. ఊరంతటికీ ఆమె గొంతు తెలుసు, మొహం ఎవరికీ తెలియదు. చివరికి ఆ గొంతును రికార్డు చేసుకుని ఆమెను ఇంటికి పంపేశారు. గొంతు ఇప్పటికీ రోజూ వేలమందితో మాట్లాడుతోంది. ఆమె మాత్రం పాలపొట్లాల మనిషితో రెండు ముక్కలు మాట్లాడుతోంది, అదీ ఆయన ఆగితే.

మొక్కతో పాటు నిబంధనల పుస్తకం ఇచ్చారు. సభ్యుణ్ని కిటికీకి రెండడుగుల దూరంలో ఉంచాలి, నేరుగా ఎండ తగలకూడదు. కొబ్బరి పీచు చుట్టిన కర్ర పాతి పాకించాలి. మట్టిలో వేలు మొదటి కణుపు దాకా దించి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి. వారానికోసారి తడిగుడ్డతో ఆకులు తుడవాలి. రోజూ ఇరవై నిమిషాలు మాట్లాడాలి, ఎందుకంటే మాటల్లేని ఇంటిని కుటుంబం అనడం కుదరదని న్యాయ విభాగం అభిప్రాయపడింది. ఏం మాట్లాడాలో తోచక మొదటిరోజు సుభాషిణి, "రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లు బస్సు మూడవ నెంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది" అంది. రెండో సభ్యుడు బదులు చెప్పలేదు. బస్టాండులో జనం కూడా ఏనాడూ చెప్పలేదు కనుక ఆమెకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

నీళ్ల దగ్గరే పొరపాటు జరిగింది. ఇంట్లో పచ్చగా ఏది కనబడినా, పొద్దున్నే స్నానం చేసి చెంబెడు నీళ్లు పోయడం చిన్నప్పటి నుంచీ ఆమెకు అలవాటు. పుస్తకాన్ని కళ్లు చదివాయి గాని చేతులు చదవలేదు. మూడు వారాలకు అడుగు ఆకు పసుపెక్కింది. ఆకు పసుపెక్కితే వార్డు ఆఫీసుకు ఫోన్ చేయాలి, చేసింది. మంగళవారం నాడు ఆకుల పరిశీలకుడు జోజిబాబు స్కేలు, ఫారాలు పట్టుకుని వచ్చి మట్టిలో వేలు పెట్టి చూశాడు.

"ఇది తులసమ్మ కాదండి మేడంగారూ. రోజూ పోత్తే ఏరు కుళ్లిపోద్దండి."

"ఆరిందో లేదో దానికి నోరుంటే చెప్పేది కదండీ."

"నోరున్నోళ్లు మాత్రం సెప్తన్నారేటండి?" అంటూ ఆయన ఫారం నింపాడు.

జబ్బు పడిన కుటుంబాన్ని కోలుకునేదాకా ప్రతి మంగళవారం తనిఖీ చేయాలి. బాగున్న కుటుంబాన్ని ఏడాదికోసారి చూస్తే చాలు. అలా జోజిబాబు అయిదు మంగళవారాలు వచ్చాడు. టీ తాగాడు, పెసరట్టు తిన్నాడు, తన మోకాలి నొప్పి సంగతి చెప్పాడు. "మీ గొంతు ఎక్కడో ఇన్నట్టుందండి" అన్నాడు. ఆమె చెప్పింది. "అమ్మబాబోయ్, ఆ బస్టాండు ఆవిడ మీరేనా అండి!" అని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వును తలుచుకుంటూ ఆమె వారమంతా సంతోషంగా ఉంది.

ఆరో వారం చుట్టలా ఉన్న కొత్త ఆకు విచ్చుకుంది. జోజిబాబు దాన్ని కొలిచి, "సంతోషకరమైన కుటుంబం" అని రాసి ముద్ర వేశాడు. "ఇంక మీకు బెంగ లేదండి. మళ్లీ యేడాదికే వత్తాను" అన్నాడు. ఆమె మెట్ల దాకా వెళ్లి సాగనంపింది.

మర్నాడు స్నానం చేసి చెంబు ముంచింది. ఈసారి పొరపాటు కాదు. రెండు చెంబులు పోసి, "ఏమనుకోకు నాన్నా" అంది. నిబంధనల ప్రకారం అది సంభాషణే.

మంగళవారాలు మళ్లీ మొదలయ్యాయి. జోజిబాబు వేలు పెట్టినప్పుడల్లా మట్టి తడిగానే తగిలేది. ఆయన ఆమె వంక ఒకసారి చూసి, కారణం దగ్గర "వాతావరణం" అని రాసేవాడు. తొమ్మిదో వారానికి కాండం మెత్తబడి వాలిపోయింది. వార్డు ఆఫీసు మరణ ధ్రువపత్రం ఇచ్చింది.

ఇప్పుడది మళ్లీ ఒక్కరే ఉన్న ఇల్లు. అలాంటి ఇళ్లు ఊళ్లో లేవని ప్రకటించి ఉన్నారు కనుక ఆ ఇల్లు కూడా లేదు. నర్సరీల్లో సరుకు అయిపోయింది. ఇరవై రెండో వార్డులో రామలింగస్వామి అనే ఆయనకు ఇంకా సభ్యుడు అందలేదు. మిగిలిపోయిన సుభాషిణిని ఆయనకు రెండో సభ్యుడిగా కేటాయిస్తూ ఉత్తర్వు వచ్చింది. చదువుకుని సంతకం పెట్టింది. ఆమె ఎత్తు కొలిచి, సిమెంటు తొట్టిలో కొబ్బరి పొట్టు నింపి, ఆయన ఇంట్లో కిటికీకి రెండడుగుల దూరంలో అందులో నిలబెట్టారు.

రామలింగస్వామి లారీ కాటా దగ్గర పని చేసే నెమ్మదైన మనిషి. సాయంత్రం రాగానే ఫోనులో ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని, ఆ రోజు ఏ లారీలో ఎన్ని టన్నులు వెళ్లాయో చెప్పేవాడు. మొదటిరోజు ఆమె, "తర్వాతేమైందండీ?" అని అడిగింది. ఆయన కంగారుపడి పుస్తకం తిరగేశాడు.

"సభ్యులు మాట్లాడతారని ఇందులో ఎక్కడా లేదండి" అన్నాడు మొహమాటంగా.

ఆమె ఇంక మాట్లాడలేదు. ఆదివారం ఆయన తడిగుడ్డ తెచ్చి ఆమె మొహం మెల్లగా తుడిచాడు. తన మొహం మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. ఆయన దాన్నీ తుడిచాడు.

కొత్త సభ్యులకు నెల నిండాక ఒకసారి చేసే తనిఖీకి జోజిబాబు వచ్చాడు. రామలింగస్వామి ఆ రోజు సెలవు పెట్టి ఉప్మా చేశాడు, కుర్చీ దుమ్ము దులిపాడు, కాటా దగ్గరి కబుర్లన్నీ ఆయనకు అలారం పెట్టుకోకుండా చెప్పాడు. జోజిబాబు ఆమె రంగు చూసి, "బాగున్నారండి. సంతోషకరమైన కుటుంబం. మళ్లీ యేడాదికేనండి" అన్నాడు. రామలింగస్వామి మొహం వాడిపోవడం ఆమె చూసింది.

మర్నాడు పొద్దున్నే రామలింగస్వామి స్నానం చేసి, నిండు చెంబుతో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె పాదాల కింద మొన్నటి తడి ఇంకా ఆరలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"ఏమనుకోకండి" అన్నాడు.

ఆమె ఏమీ అనుకోలేదు. నీళ్లు అడుగుదాకా దిగేలా పాదాలు కాస్త ఎడంగా జరిపింది. ఆయన పోసి, రెండో చెంబు ముంచుకు రావడానికి లోపలికి వెళ్లాడు. పసుపెక్కడానికి మూడు వారాలు పడుతుంది. ఆ పై మంగళవారం జోజిబాబు వస్తాడు.