దుప్పటి కప్పుకున్న పేతురుగారు

బెన్హర్ మాస్టారికి ఆ బుధవారం పొద్దున్న ఉన్న పని ఒక్కటే. శ్రీకాకుళం వెళ్ళి, రంగులు వేయడానికి ఇచ్చిన పేతురుగారి విగ్రహాన్ని ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చి, పదింటికల్లా నీలాయిపేట సిస్టర్ల బడిలో నిలబెట్టాలి. తరువాత పిల్లలు తెడ్లు పట్టుకుని నాట్యం చేస్తారు, విశాఖపట్నం నుంచి వచ్చే ఫాదరు చప్పట్లు కొడతారు, అందరూ లడ్డూ తిని ఇళ్ళకు పోతారు. ఇందులో చెడిపోవడానికి ఏముందని మాస్టారు అనుకున్నాడు. పాపం, అలాగే అనుకున్నాడు.

అది రెండు వేల పదహారు, జూన్ ఇరవై తొమ్మిది, ఏసు శిష్యుడు పేతురుగారి పండుగ. నీలాయిపేటలో అందరూ సముద్రం మీద వేటకు పోయేవాళ్ళే, అందరూ గంగమ్మను కొలిచేవాళ్ళే. అయినా పేతురుగారంటే వాళ్ళకు చులకన లేదు. వల వేసి బతికినవాడు ఎక్కడ పుట్టినా మనవాడేనని కులపెద్ద గంగులు ఎప్పుడో తేల్చేశాడు. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఫిలోమినా గుంటూరు వైపు నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఈ ఏడు పండక్కి ఆమె "మన పేట, మన పని" అని కార్యక్రమం పెట్టింది. ప్రతి పిల్లా పిల్లాడూ ఇంట్లోంచి ఒక పనిముట్టు తెచ్చి దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. అయిదో తరగతి అరుణశ్రీ వాళ్ళమ్మ మోసే చేపల తట్ట తెచ్చింది. రెండో తరగతి వినోద్, మా నాన్న రోజూ వాడేది ఇదేనని చుట్టల కట్ట తెచ్చాడు. వాడిని వెనక వరసలో నిలబెట్టారు.

అసలు సంగతి ఈ పండగ కాదు, ఫాదరు. బిషప్పుగారి డయాసిస్‌లో బళ్ళన్నిటికీ ఈ మధ్యనే అధికారిగా వచ్చిన ఫాదర్ మరియదాసును పేటలో ఎవరూ చూడలేదు, సిస్టర్ కూడా ఫోనులో గొంతు వినడమే. పండుగ రోజు వచ్చి పిల్లల తలలు లెక్కపెడతాననీ, అరవై లేకపోతే బడి మూసేసి పట్నం బడిలో కలిపేస్తాననీ ఆయన ఉత్తరం రాశాడు. బడిలో ఉన్నవి ముప్పై ఎనిమిది తలలు. తక్కిన పేట పిల్లల్ని రోజూ ఎనిమిదిన్నరకు ఒక పసుపుపచ్చ బస్సు ఇంగ్లీషు కాన్వెంటుకు ఎత్తుకుపోతోంది. బడి మూస్తే సిస్టర్ పెట్టె సర్దుకుని ఇంకో ఊరు పోతుంది. బెన్హర్ మాస్టారు ఎక్కడికి పోతాడు? ఎనిమిదేళ్ళుగా ఎక్కాలు చెప్పి చెప్పి ఆయనకు ఇంకో పని రాకుండా పోయింది. ఈ దిగులు ఆయన భార్యకు చెప్పాడు. ఆవిడ ఎవరికీ చెప్పొద్దని పేటంతా చెప్పింది.

దీనికి తోడు ఇంకో చిక్కు. మాస్టారు బాప్టిస్టు, విగ్రహాలకు మొక్కని చర్చివాడు. ఆయన చర్చి ఎచ్చెర్ల దాటాక రోడ్డు పక్కనే ఉంది. బుధవారం పొద్దున్న అక్కడ స్త్రీల కూడిక. దాని పెద్ద మార్తమ్మ విగ్రహాల మీద మాట్లాడటం మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం మాట మరిచిపోతుంది. బడిలో నువ్వు చేసేదేమిటని ఆమె అడిగినప్పుడల్లా మాస్టారు "లెక్కలమ్మా" అనే చెబుతూ వచ్చాడు. అందుకని ముందుజాగ్రత్తగా ఇంట్లోంచి ఒక తెల్ల దుప్పటి తెచ్చుకున్నాడు.

శ్రీకాకుళంలో రంగులాయన ఏడాదికి నూటయాభై వినాయకుళ్ళను చేసే మనిషి. పేతురుగారికి గులాబీరంగు పాదాలు, కోరమీసం పెట్టి, నుదుట బొట్టు పెట్టబోయి గుర్తొచ్చి ఆగాడు. నూనె రంగుకు టైము చాల్లేదనీ, వేసింది నీళ్ళ రంగేననీ, తడి తగలనివ్వొద్దనీ చెప్పాడు. మాస్టారు ట్రాలీలో గడ్డి పరిచి, విగ్రహాన్ని పడుకోబెట్టి, తల నుంచి మడమల దాకా దుప్పటి కప్పాడు. విగ్రహం దొర్లకుండా గుండె మీద చెయ్యి వేసి పక్కనే కూర్చున్నాడు. ఎండకు తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. కంకర లారీల దుమ్ము కళ్ళలో పడి నీళ్ళు ధారగా కారుతున్నాయి. దుప్పటి కొస దాటి రెండు గులాబీ పాదాలు మాత్రం బయటికి ఉన్నాయి.

కూడిక ముగించుకుని చర్చి ముందు మార్తమ్మ ఆటో కోసమే నిలబడి ఉంది. ఆపొద్దని మాస్టారు అనేలోపే ఆటో ఆగింది; డ్రైవరుకు కిరాయి తప్ప ఇంకేదీ పట్టదు. ఆమె ఎక్కబోతూ పాదాలు చూసింది, మాస్టారి కళ్ళు చూసింది, బైబిలు గుండెకు హత్తుకుంది.

"ఎవరు బాబూ?" అంది.

మాస్టారు అబద్ధం ఆడడు. నిజం చెప్పే ధైర్యం లేదు. "పెద్దాయనమ్మా" అన్నాడు.

"మన సంఘపోల్లా?"

"కాదమ్మా, ఆర్సీఎం వాళ్ళే, సిస్టర్ల చర్చి."

మార్తమ్మకు అంతా అర్థమైపోయింది. ఇవాళ విశాఖపట్నం నుంచి ఫాదరు వస్తాడని మాస్టారి భార్య చెప్పనే చెప్పింది. ఆయన్ను తీసుకురావడానికి వెళ్ళిన మాస్టారు దుప్పటితో తిరిగొస్తున్నాడు. ఇంకా అడగడమెందుకు? ఆర్సీఎం అయినా ఆత్మ ఆత్మేనని చెప్పి, దుప్పటి మీంచే పేతురుగారి నుదుటి మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఇరవై నిమిషాలు ప్రార్థన చేసింది. జీవితంలో ఏ విగ్రహానికీ తల వంచని మనిషి, ఆ ఒక్కరోజు బాకీ లేకుండా వంచేసింది. మాస్టారు గుడ్లు మిటకరించి చూస్తూ "ఆమెన్" అన్నాడు.

కళ్ళు తెరిచాక ఆమె నీలాయిపేటకు ఫోను కొట్టింది. ఫాదరుగారు పోయారనీ, మాస్టారు శవాన్ని బడికే తెస్తున్నాడనీ చెప్పింది. ఎప్పుడు పోయారని అవతల అడిగినట్టున్నారు.

"ఎప్పుడో పోనాడమ్మా. ముట్టుకున్నాను గదా, రాయిలాగ బిగిసిపోనాడు" అంది.

నీలాయిపేటలో ఒక కట్టుబాటు ఉంది. పొలిమేరలో శవం ఉండగా పడవ నీళ్ళలో దిగకూడదు. చచ్చినవాడు ఏ ఊరివాడు, ఏ మతంవాడు అన్నది కాదు, శవం ఎక్కడుందన్నదే లెక్క; వస్తోందని కబురందినా ఉన్నట్టే. సర్కారు వేట నిషేధం ఎత్తేసి రెండు వారాలే అయింది, రొయ్య మంచి జోరు మీదుంది. అయినా గంగులు ఒడ్డున ఎర్రగుడ్డ ఊపించి, వెళ్ళిన పడవలన్నిటినీ వెనక్కి పిలిపించాడు. శవం ఉండగా పిల్లలు పొలిమేర దాటకూడదన్నది దీనికి అనుబంధ కట్టుబాటు. ఎనిమిదిన్నరకు వచ్చిన పసుపుపచ్చ బస్సు కాసేపు హారన్ కొట్టుకుని ఖాళీగా తిరిగిపోయింది.

శవాన్ని కుదపకూడదని మార్తమ్మ పట్టుబట్టడంతో ఆటో నత్తనడకన వచ్చి తొమ్మిదిన్నరకు పొలిమేర చేరింది. డప్పులు మొదలయ్యాయి. ఇసుక మీదికి లాగేసిన ఇరవై పడవలు మాస్టారి కంటపడ్డాయి. ఎచ్చెర్ల దగ్గరైతే ఒక్క మార్తమ్మకు చెబితే సరిపోయేది, ఇప్పుడు ఊరందరికీ చెప్పుకోవాలి. గొంతు సవరించుకుని, గంగులుగారూ ఒక్కమాట అన్నాడు.

"ఏడవకు మాస్టరూ" అన్నాడు గంగులు, ఆయన భుజం తట్టి. "నువ్వు మాత్రం ఏటి సేస్తావు."

ఎనిమిది మంది పేతురుగారిని భుజాలకెత్తుకున్నారు. మనిషి బక్కగా ఉంటాడనుకున్నాం గానీ బరువు బాగానే ఉన్నాడే అని అనుకున్నారు. కన్నీళ్ళు ఆగని మాస్టారిని మార్తమ్మ రెక్క పట్టుకుని నడిపించింది. నిజం చెప్పడానికి ఆయన మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ ఎవరో ఒకరు ఆ నోట్లో మంచినీళ్ళు పోశారు.

బడిలో సిస్టర్ ఫిలోమినా తన ఫోనును మైకుసెట్టుకు తగిలించి, నాట్యం మధ్యలో కాల్ రాకుండా నెట్టు, సిగ్నలు అన్నీ ఆపేసి పెట్టింది. కాబట్టి ఆమెకు ఏ కబురూ చేరలేదు. పేటంతా డప్పులతో, ఏడుపులతో పేతురుగారిని మోసుకొస్తుంటే చూసి ఆమె మనసు నిండిపోయింది. మూడేళ్ళుగా ఈ పండక్కి పిలిస్తే పదిమంది రాలేదు. ఆడవాళ్ళు గుండెలు బాదుకోవడం కొంచెం ఎక్కువనిపించినా, ఉత్తరాంధ్ర భక్తి ఇలాగే ఉంటుంది కాబోలనుకుంది. ఆమె సైగ చేయగానే పాట మొదలైంది, పిల్లలు తెడ్లు ఊపారు, ముందు వరసవాళ్ళు పూలు చల్లారు. శవం మీద పూలు చల్లించడం సిస్టరమ్మకు బాగా తెలుసునని జనం మెచ్చుకున్నారు.

"ఇంత భక్తి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారండీ వీళ్ళు?" అంది సిస్టర్, మాస్టారితో. మాస్టారు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

సరిగ్గా అప్పుడే మామూలు ప్యాంటూ చొక్కాలో, చేతిలో ఒక ఫైలుతో, ఫాదర్ మరియదాసు షేర్ ఆటో దిగాడు. గేటు దాకా వరస ఉంది. అడ్డంగా దూసుకుపోవడం బాగుండదని వరసలో నిలబడి, ముందున్న చేపల తాయారును ఎవరు పోయారని అడిగాడు.

"ఫాదరంట బాబూ. మా గుంటలు సదువుకునీ బడి మూసీడానికి వస్తన్నాడంట. గంగమ్మ తల్లి ఊరుకుంటాదేటి, దారిలోనే తీసుకుపోనాది."

ఫాదరు ఫైలు చొక్కా లోపలికి తోసి, మరి మీరెందుకమ్మా ఏడుస్తున్నారని అడిగాడు.

"మడిసి సచ్చిపోతే ఏడవరా? ఏటి మడిసివయ్యా నువ్వు" అంది తాయారు, కొంగుతో కళ్ళు తుడుచుకుని. ఆ తిట్టు తిన్నాక ఫాదరుకు కూడా ఎందుకో కళ్ళు చెమర్చాయి. తన చావుకు ఇంతమంది వస్తారని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

లోపల శవానికి స్నానం మొదలైంది. ఎవరి చావుకైనా మొదటి బిందె జగ్గమ్మదే. పసుపునీళ్ళ బిందె ఎత్తి తల మీంచి కుమ్మరించింది. దుప్పటి కింద నుంచి మొదట గులాబీ రంగు కారింది, తరువాత నల్లరంగు, ఆ తరువాత పేరు చెప్పలేని రంగొకటి. జగ్గమ్మ చావులు చాలానే చూసింది గానీ మీసం కారిపోయే చావు ఇదే మొదలు. దుప్పటి ఎత్తింది. సగం తెల్లబడిపోయిన పేతురుగారు, చేతిలో తాళంచెవులతో, ఆకాశంలోకి చూస్తూ పడుకుని ఉన్నాడు.

డప్పులు ఆగిపోయాయి. బెన్హర్ మాస్టారు లేచి నిలబడి, దుప్పటి దగ్గర్నుంచి దుమ్ము దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. మార్తమ్మ చెయ్యి చీరకు తుడుచుకుంది. గంగులు అంతా విని, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"అయితే సచ్చినోడెవుడు?" అన్నాడు.

ఎవరూ చావలేదండీ అన్నాడు మాస్టారు.

"ఎవుడూ సావకుండా ఏట ఆపీసినామా? ఇరవై పడవలు, మాస్టరూ. రేపు పక్క పేటోల్లు అడిగితే నానేటి సెప్పాల, బొమ్మ సచ్చిపోనాదని సెప్పాలా?"

జనం మాస్టారి చుట్టూ దగ్గరకు జరిగారు. కావలసింది ఒక శవం, ఎదురుగా తయారుగా ఉన్నది ఆయనొక్కడే. అంతలో వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

"నేనేనండి" అన్నాడు ఫాదరు. "చచ్చిపోయింది నేనే."

తరువాత కుర్చీ వేశారు, సోడా తాగించారు, తాయారు ఆయన చెయ్యి గిల్లి చూసింది. గంగులు ఇద్దరు ముసలాళ్ళతో పక్కకు వెళ్ళి మాట్లాడి వచ్చి తీర్పు చెప్పాడు. చచ్చాడన్న కబురు తప్పైతే మనిషికి ఆయుష్షు పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ చావకముందు అతను తలపెట్టిన పని మాత్రం చావుతోనే పోయినట్టు. ఆ పనేదో ఫైల్లో ఉంటే ఫైలు సముద్రంలో కలపాలి. ఇక పేట సంగతి. బడి కోసం వేట ఆపామని చెప్పుకుంటే పరువు దక్కుతుంది. అలా చెప్పుకుని పిల్లల్ని బస్సెక్కిస్తే పక్క పేటలు నవ్వుతాయి. కనుక రేపట్నుంచి నీలాయిపేట పిల్లలందరూ సిస్టరమ్మ దగ్గరే.

ఫాదరు తలలు లెక్కపెట్టాడు. తొంభై ఏడు వచ్చాయి. చుట్టల కట్ట ఎత్తి చూపిస్తున్న వినోద్‌ను రెండుసార్లు లెక్కపెట్టేశానేమోనని అనుమానం వచ్చినా, మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం చేయలేదు. బెన్హర్ మాస్టారు ఆ అంకె విని ఈసారి నిజంగానే ఏడ్చాడు. ఎవరూ నమ్మలేదు.

మార్తమ్మ ఆ ఆదివారం చర్చిలో విగ్రహాల మాట ఎత్తలేదు. పైవారం కూడా ఎత్తలేదు. పేతురుగారికి మళ్ళీ రంగు వేయించారు, ఈసారి నూనె రంగు. మరుసటి ఏడు జూన్ ఇరవై తొమ్మిదికి పేట మళ్ళీ వేట ఆపింది. ఒకసారి ఆపిన రోజును మధ్యలో మానేస్తే అరిష్టమట. ఆ పూట బడి ఆవరణలో పేటంతటికీ భోజనాలు.

అప్పట్నుంచి ఏటా ఫాదర్ మరియదాసు తన తద్దినానికి తనే వచ్చి, పులుసులో ఉప్పు చాలలేదని చెప్పి వెళుతున్నాడు.