గోడలో చెట్టుకు లాటిన్ పేరు

ఆ ఆదివారం పొద్దున లక్ష్మయ్య పెట్టుకున్న పని ఒక్కటే. మనవరాలి కాలేజీ మేడం వచ్చేలోపు కరివేపాకు చెట్టుకు తన పేరు పలక కట్టాలి.

లక్ష్మయ్య యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో చాలాకాలం పాలు పోసి, ఈమధ్యే మానేశాడు. సందంతా అతన్ని ఎప్పుడూ ‘దూద్‌వాలా’ అనే పిలిచింది. అతని పేరు ఏ బోర్డు మీదా ఎక్కలేదు. మనవరాలు అఖిల డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతోంది. ఇంట్లో మొక్కలకు శాస్త్రంలో ఉన్న పేర్లు రాసి కట్టమని, వచ్చి చూస్తానని రచన మేడం చెప్పింది. శనివారం అఖిల అట్టముక్కలు కడుతూ ఒక్కో పేరుకూ అర్థం చెప్పింది. బిళ్ళగన్నేరు శాస్త్రనామానికి గ్రీకులో శుద్ధమైన పువ్వు అని అర్థమట. తన ఇంటి రేకుడబ్బాలో పూసే పువ్వును గ్రీకు భాష అంత బాగా మెచ్చుకున్నందుకు లక్ష్మయ్య ఛాతీ పొంగింది. కరివేపాకు దగ్గరికి వచ్చేసరికి ఆ పొంగు దిగిపోయింది.

"ముర్రాయా కోనిగీ, తాతా. ముర్రే అని ఒకాయన, కోనిగ్ అని ఒకాయన. ఇద్దరి పేర్లు లాటిన్‌ల పెట్టిన్రు."

"ఇన్నేండ్ల సంది కల్యామాకు చెట్టుకు నీళ్ళు వోసింది నేను. గా ముర్రే ఎన్నడన్న ఒక్క చెంబు వోసిండా?"

"గట్ల కాదు తాతా. గౌరవానికి పెడ్తరు. మనిషి పేరుకు చివర్ల ‘ఇయా’ తగిలిస్తరు."

ఆ చివరి మాట ఒక్కటే లక్ష్మయ్య చెవికెక్కింది. సాయంత్రానికల్లా చార్మినార్ దగ్గర బండ్ల నంబర్ ప్లేట్లు రాసే దుకాణానికి వెళ్ళి, పసుపు రేకు మీద నల్లగా ‘లక్ష్మయ్యియా’ అని రాయించుకొచ్చాడు.

ఆ చెట్టు ఉన్నది అతనికీ, పక్కింటి గాజుల వ్యాపారి దస్తగీర్‌కూ మధ్య గోడలో. గోడ కట్టేటప్పుడు చెట్టు నరకడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. మొదలుకు అటూ ఇటూ ఇటుకలు పేర్చి వదిలేశారు. సగం మొదలు ఇటు, సగం అటు. లక్ష్మయ్య స్టూలెక్కి తీగ చుడుతుంటే దస్తగీర్ గోడ మీదుగా చూశాడు.

"ఏంది లక్ష్మయ్యన్నా, చెట్టుకు నంబర్ ప్లేట్ కడ్తున్నవ్? రోడ్డు మీదికి తోల్తవా?"

"నా పేరు, భాయ్. లాటిన్‌ల."

దస్తగీర్ నవ్వు ఆగిపోయింది. "ఈ ఝాడ్ తెచ్చింది ఎవరు? మా అత్తగారింటికెళ్ళి బస్సుల ఒళ్ళె పెట్టుకొని నేను తెచ్చిన!"

"తెచ్చినవ్. పెంచింది నేను."

"నా దిక్కు కొమ్మలు గాలికి పెరిగినయా?"

కాసేపటికి అటువైపు మొదలుకు గాజుల పెట్టె మూత ఒకటి వేలాడింది. దాని మీద బంగారు రంగుతో ‘దస్తగీరియా’ అని ఉంది.

పేరుకు ‘ఇయా’ తగిలిస్తే చాలన్న కబురు సందంతా పాకింది. హార్డ్‌వేర్ దుకాణం మురళి తన మల్లెతీగను ‘మురళియా’ చేశాడు. ఎదురింటి కోడలు కుండీలో ఉన్న బ్రహ్మజెముడుకు అత్తగారి పేరు పెట్టింది. అక్కడ వేరే లొల్లి లేచింది.

ఇక్కడ లక్ష్మయ్య తన పేరున్న ఆకు పక్కింటివాళ్ళు తెంపొద్దన్నాడు. తన పేరున్న ఆకు వాళ్ళూ ముట్టొద్దని దస్తగీర్ అన్నాడు. ఉన్నది ఒకటే చెట్టు కావడంతో ఎవరూ తెంపడానికి వీల్లేకపోయింది. రెండు వంటిళ్ళలోనూ తాలింపు నూనె మాడింది.

"కర్యాపాక్ లేకుండ దాల్‌కు బఘార్ ఎట్ల పెట్టాలె?" అని దస్తగీర్ భార్య షహనాజ్ అటునుంచి అరిచింది.

"నాకు పేరొద్దు, ఏమొద్దు, ఆకు కావాలె!" అని లక్ష్మయ్య భార్య ఎల్లమ్మ ఇటునుంచి అందుకుంది.

సరిగ్గా అప్పుడే రచన మేడం లోపలికి వచ్చింది. అఖిలకు ఏడుపొక్కటే తక్కువ. లక్ష్మయ్య మాత్రం స్టూలు మీదే నిటారుగా నిలబడ్డాడు.

"మీరే చెప్పుండ్రి మేడం. పెంచినోని పేరుండాల్నా, తెచ్చినోని పేరుండాల్నా?"

మేడం నవ్వు ఆపుకుంది. "శాస్త్రంల ఉన్న పేరైతే మారదు, అంకుల్. ఇంట్ల ముద్దుగ పిలుచుకుంటా అంటే మీ ఇష్టం. కానీ ఈ పద్ధతిల ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోరు. ముర్రే పేరు పెట్టింది కోనిగ్. కోనిగ్ పేరు ఇంకొకాయన పెట్టిండు. వేరేవాళ్ళు ఇస్తేనే అది గౌరవం."

లొల్లి విని వాకిట్లో పోగైన సందు జనం వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. ఆ లెక్కన పద్ధతి ప్రకారం పేరు దక్కింది ఎదురింటి అత్తగారికి ఒక్కదానికే. ఆమె లేచి వెళ్ళి బ్రహ్మజెముడుకు నీళ్ళు పోసింది.

ఇద్దరు పెద్దమనుషులూ గోడకు అటూ ఇటూ నిలబడి, ముందు ఎదుటివాడు మాట్లాడాలని చూశారు.

"గిట్లనే నిలవడుండ్రి, చెట్టు ఎండుతది," అంది ఎల్లమ్మ.

లక్ష్మయ్య మెల్లగా తన పలక విప్పి గోడ మీద పెట్టాడు. "భాయ్, ఒళ్ళె పెట్టుకొని తెచ్చినవ్. ఆ మాట అబద్ధం కాదు. నీ పేరు ఇటు దిక్కు నేను కడ్త. తే."

దస్తగీర్ కూడా గాజుల పెట్టె మూత విప్పి గోడ మీద పెట్టాడు. "నల్లా రాని ఎండకాలంల గూడ నువ్వు నీళ్ళు వోసినవ్ అన్నా. నీ పేరు నా దిక్కు నేను కడ్త."

పలకలు గోడ దాటాయి. ఎల్లమ్మ, షహనాజ్ చెరో గుప్పెడు ఆకు దూసుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తారు. పేర్లు పెట్టే పద్ధతి ఒక్క పూటలో నేర్చుకున్న సందును తానెక్కడా చూడలేదంటూ మేడం అఖిల భుజం తట్టింది. సందులో పాలు పోసిన మనిషి పేరు మొదటిసారి పదిమందీ పైకి చదివారు.

అప్పటినుంచి తన పేరు చూసుకోవాలనిపించినప్పుడల్లా లక్ష్మయ్య చొక్కా వేసుకుని పక్కింటికి వెళ్ళాల్సి వస్తోంది.