సి రకం పిజ్జా పాకెట్టు

తోటపల్లి గూడూరు మత్స్యకారుల పిల్లల హాస్టల్లో సాయంత్రం పూట గుగ్గిళ్లు పెట్టే చీకటి యుగానికి ఇక తెర పడుతుందని ఎమ్మెల్యే ఆదెయ్య గారు మైకు పట్టుకుని ప్రకటించారు. నెల్లూరు సూపర్ మార్కెట్లో దొరికే మూడు రకాల ఫ్రోజెన్ పిజ్జా పాకెట్లను, అంటే పిజ్జా సరుకు కూరిన కజ్జికాయల్లాంటి వాటిని, స్వయంగా తిని, పోల్చి, గెలిచినదాన్ని పిల్లలకు అందిస్తారట. ఒక ప్రజాప్రతినిధి తన నోటిని ఇంతగా ప్రజాసేవకు అంకితం చేయడం జిల్లాలో ఇదే మొదలు.

ఏర్పాట్లన్నీ మండల పార్టీ నాయకుడు బెన్హర్ మీద పడ్డాయి. ఆయన ఒక పదవి కోసం, అది ఏ పదవైనా సరే, కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాడు. హాస్టల్లో ఆ గుగ్గిళ్లు వండేది ఆయన భార్య ఎలిశబెతు. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. ఈ రెండు సంగతులకూ ఏదో సంబంధం ఉందని బెన్హర్‌కు తట్టలేదు. దేశం గురించి ఆలోచించేవాళ్లకు ఇంటి సంగతులు తట్టవు.

"నా పని ఉంటాదా, పోతాదా?" అని ఆమె అడిగింది.

"సార్ ఉండగా నీ పని యాడికి పోతాది మే," అన్నాడు.

పాకెట్లు ముందు రోజే తెచ్చాడు. కరెంటు పోతే ఫ్రిజ్జును నమ్మలేం. రొయ్యల గుంటల మధ్య పుట్టి పెరిగినవాడు కనుక, ఫ్రోజెన్ అనగానే ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. రొయ్యల పెట్టె తెచ్చి, ఐసు కొట్టి, పొర మీద పొరగా డబ్బాలు పేర్చి, పైన గోనెపట్టా కప్పాడు. తెల్లారేసరికి ఐసు కరిగి ఎ, బి రకాలకు రొయ్యల కంపు పట్టింది. సి రకం డబ్బాలోకి నీళ్లు పోయి, లోపలిదంతా బంకైంది.

"మూడు లేకపోతే పోలికేముంటాది? నా పదవి నీళ్లపాలయినట్టే," అని బెన్హర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

మొగుడు అలా కూర్చుంటే చూడలేకపోయింది ఎలిశబెతు. పిల్లల కోసం ఉడికించిన గుగ్గిళ్లను మెదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి, మైదాపిండిలో పెట్టి మడిచి నూనెలో వేయించింది. వాటిని సి అని రాసిన పళ్లెంలో సర్దింది.

పిల్లలను పిలిస్తే పక్షపాతం చూపిస్తారని సభకు పిలవలేదు. ఎమ్మెల్యే గారు ఎ రకం కొరికి ముఖం చిట్లించారు.

"ఏంది, రొయ్యల వాసన?"

"కోస్టల్ ఫ్లేవర్ సార్," అన్నారు హాస్టళ్ల అధికారి రోజారమణి గారు.

"అదే అనుకున్నా. బాగుండాది." బి రకం కొరికారు. "ఇదీ కోస్టలేనా?"

"ఇది ఇంకాస్త సముద్రం దగ్గర సార్."

సి రకం నోట్లో పడగానే ఆదెయ్య గారు కళ్లు మూసుకున్నారు. తెరవకుండానే ఇంకొకటి అందుకున్నారు.

"పిజ్జా అంటే ఇదీ. లోపల ఏం పెట్టినారు?"

రోజారమణి గారు ఖాళీ డబ్బా తిప్పి చూశారు. "మొజరెల్లా చీజ్, ఒరెగానో, బేసిల్ సార్."

"చూసినారా, బేసిల్ నాలుక్కి తెలస్తా ఉండాది. ఇన్నాళ్లూ గుగ్గిళ్లు మేపి పిల్లల్ని గుర్రాల్ని చేసినాం. వచ్చే నెల నుంచి సి రకమే. వేడి చేసేదానికి వాచ్‌మన్ చాలు. వంటామెను తీసేయండి."

వంటగది గుమ్మంలో, చేతుల పిండి ఇంకా కడుక్కోని ఎలిశబెతు మొగుడి వైపు చూసింది. బెన్హర్ లేచాడు.

"సార్, ఒక మాట చెప్పాల."

"చెప్పు, ఆహార కమిటీ కన్వీనరూ," అన్నారు ఆదెయ్య గారు చిరునవ్వుతో.

బెన్హర్ ఆ మాటను గుటకేసి మింగాడు. అంత రుచైనది ఆయన జన్మలో తినలేదు.

"మా ఇంటామె కూడా ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తా ఉండాది సార్," అన్నాడు.

చప్పట్లు మోగాయి. ఎవరో ఎలిశబెతును లాక్కొచ్చి, సి రకం ఖాళీ డబ్బా చేతికిచ్చి, ఎమ్మెల్యే గారి పక్కన నిలబెట్టారు. మర్నాడు పత్రికల్లో ఆ ఫొటో వచ్చింది. కింద 'పథకం తొలి లబ్ధిదారు' అని వేశారు.