మధ్యలో ఎక్కడా ఆపొద్దు

రెండో శనివారం పొద్దున సన్యాసిరావు పెట్టుకున్న పని ఒక్కటే. కారుకి మందు పోసి, గంటసేపు అలా తిప్పుకొచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరడం. అరకు కాఫీ నర్సరీ ఆఫీసులో ఇన్నేళ్ళుగా మొక్కలకు మందులు కొట్టిస్తున్న మనిషికి ఇదేమంత పెద్ద పని కాదు.

దీని వెనక కిందటి డిసెంబరు బాకీ ఒకటుంది. సన్యాసిరావు భార్య నిర్మల ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో టీచరు. హెడ్మిస్ట్రెస్ కావడానికి రాయవలసిన పరీక్ష విశాఖపట్నంలో పడింది. తెల్లవారుజామున ఎముకలు కొరికే చలిలో ఆ దంపతులు బయల్దేరబోతే కారు దగ్గింది, మూలిగింది, చివరికి ఊరుకుంది. నిర్మల హాల్ టికెట్టు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని సన్యాసిరావు ఏడాదంతా కుమిలిపోయాడు.

ఈ ఏడు పరీక్ష మర్నాడు, ఆదివారం.

"నాకు కారు మీద కోపం లేదండీ. నమ్మకమే లేదు," అంది నిర్మల, ఉప్మా వడ్డిస్తూ. "మధ్యాహ్నం రైలు వేళకి అది బాగుపడిందని మీరు గుండె మీద చెయ్యేసుకుని చెప్తే రేపు తెల్లారి దాన్లోనే వెళ్దాం. లేకపోతే ఆ రైలెక్కి మా అన్నయ్యా వాళ్ళింట్లో పడుకుంటాను."

ఆ అన్నయ్య ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర తన కారు మీద ఎన్ని జోకులు పేలతాయో సన్యాసిరావుకు తెలుసు. అంతకంటే పెద్ద సంగతి, ఇంత తెలివైన మనిషికి తన మూలంగా ఒక ఏడు పోయింది. రెండో ఏడు పోకూడదు.

అందుకే దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి కారును చలికాలానికి తయారు చేస్తూ వచ్చాడు. కొత్త బ్యాటరీ వేయించాడు. కూలెంటు మార్పించాడు. మంచు తుడవడానికి వైపర్లకు కొత్త రబ్బర్లు తొడిగించాడు. పెళ్ళిలో అత్తవారు పెట్టిన రగ్గును రాత్రిళ్ళు బానెట్ మీద కప్పి, తను దుప్పటితో సరిపెట్టుకున్నాడు. ఇక మిగిలింది ఇంజెక్టర్లు శుభ్రం చేసే మందు. ఆ సీసా శృంగవరపుకోట మెకానిక్కు వరహాలరావు ఇచ్చాడు. ఇస్తూ గట్టిగా చెప్పాడు.

"మీ బండిది సలి రోగం కాదు బాబూ, మొగమాటం రోగం. రోడ్డు మీద ఎవుడు సెయ్యెత్తినా ఆపుతారు. అలా అడుగడుక్కీ ఆపితే ఇంజెక్టర్లకి మసి పట్టక ఏటవుద్ది? టేంకు కాళీ అయిపోవొచ్చినప్పుడు సీసా అంతా పోసి, నిండా పెట్రోలు కొట్టించండి. గంటసేపు ఒకే స్పీడులో పోనివ్వండి. మద్దిలో ఎక్కడా ఆపొద్దు. మీ అత్తగోరు సెయ్యెత్తినా ఆపొద్దు."

చెప్పినంత తేలిక కాదది. ఆ కొండల్లో ఖాళీ సీటున్న బండి, నడిచిపోయే మనిషిని దాటి వెళ్ళదు. అలాగని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, దాటి వెళ్ళినవాడికి మర్నాడు టీ కొట్లో మొహం చెల్లదు. పార్వతీపురం నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో సన్యాసిరావుకు ఈ పద్ధతి విచిత్రంగా తోచింది. తర్వాత ఇంత గొప్ప మర్యాద తన ఊళ్ళో ఎందుకు లేదా అని సిగ్గేసింది. అప్పటి నుంచి ఆ కారు ఎక్కని మనిషి, మేక, అనాసపండు ఆ దారిలో లేవు.

సీసా పోశాడు. బంకు దగ్గర వరసలో ఆలస్యమై, పొద్దెక్కాక ట్యాంకు నింపించాడు. బయల్దేరాడు. వలిసె చేలు రోడ్డుకు రెండు పక్కలా పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఇంజను చప్పుడు హాయిగా ఉంది. బొండుగుడ మలుపు తిరిగేసరికి ఆ ఊరి ముసలామె ముత్యాలమ్మ నెత్తిన గుమ్మడికాయల బుట్టతో నిలబడి, కారును చూసి నవ్వుతూ చెయ్యెత్తింది.

సన్యాసిరావు కాలు బ్రేకు మీదికి దానంతటదే వెళ్ళింది. గుమ్మంలో హాల్ టికెట్టుతో నిలబడ్డ నిర్మల కళ్ళ ముందు మెదిలింది. కాలు వెనక్కి తీసుకుని, ముఖం అవతలకు తిప్పుకుని, చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయాడు. ఫర్లాంగు దూరంలో జగదీష్ టీ కొట్టు. అక్కడ ఆగకుండా వెళ్ళడం ఆ కారు పుట్టాక ఎరగదు. జగదీష్ అలవాటుగా గ్లాసు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు. కారు గ్లాసును దాటి, జగదీష్‌ను దాటి, కంటికి కనబడకుండా పోయింది.

ముత్యాలమ్మ బుట్టతో కొట్టు దాకా వచ్చి, దించి, కూర్చుంది.

"నిన్నూ దాటెల్లిపోనాడేటి?" అంది.

"ఎల్లిపోనాడు. మొకం సూసినావా? ఏడుపు మొకం."

"నాకేసి సూడనేక మొకం తిప్పుకున్నాడు పాపం."

ఇద్దరూ కాసేపు ఆలోచించారు. సన్యాసిరావుబాబు ఆపకపోవడమనేది ఉండదు. ఆపడానికి మనసుండీ ఆపలేదంటే, ఆపలేకపోయాడన్నమాట. ఇక అనుమానమేముంది?

"ఓలమ్మా, బ్రేకులు పోనాయి," అంది ముత్యాలమ్మ.

సన్యాసిరావు సుంకరమెట్ట సంతబయలులో కారును గుండ్రంగా తిప్పి వెనక్కి వచ్చేసరికి బొండుగుడ ఊరంతా రోడ్డెక్కింది. పిల్లల్ని అరుగులెక్కించారు, మేకల్ని కర్రలతో అదిలించి పక్కకు తోలేశారు. పాలికాపు యర్రయ్య ఎర్ర తువ్వాలు ఊపుతూ "ఎడం పక్క కాళీ బాబూ, ఎడం పక్క" అని అరిచాడు. అద్దాలు బిగించుకున్న సన్యాసిరావుకు మాటలు వినబడలేదు. కర్రలు పట్టుకున్న మనుషులు మాత్రం కనబడ్డారు. ముసలామెను ఎక్కించుకోనందుకు ఊరంతా తన మీద తిరగబడిందని అతను నిశ్చయించుకున్నాడు. తప్పు తనదే. కనీసం క్షమించమని అడుగుదామని స్టీరింగు వదిలేసి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

ఊరు ఊరంతా గొల్లుమంది. కడసారి దణ్ణం పెట్టేశాడనుకున్నారు. గంట నిండేదాకా అటూ ఇటూ తిప్పవలసిందే గనక సన్యాసిరావు ఆగకుండా సాగిపోయాడు.

జగదీష్ కొట్టులోని ఫోను దగ్గరికి పరుగెత్తాడు. ఆ వేళకి నిర్మల సంచీ సర్దుకుని, మొగుడు ఎంతకీ రాకపోతే స్టేషనుకు బయల్దేరదామని తాళం చేత్తో పట్టుకుని ఉంది.

"టీచరమ్మా, కంగారు పడకండి. బాబుగోరి బండికి బ్రేకులు పోనాయి. ఆగనేక రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతన్నారు. ఇప్పటిదాకా ఒక్క కోడిని కూడా గుద్దనేదు. బేగి రండి."

నిర్మల సంచీ అక్కడే పడేసింది. జనాన్ని ఎక్కించుకుని తిరిగే రవిబాబు సర్వీసు జీపు ఎక్కి బొండుగుడ చేరేసరికి జనం కళ్ళాల్లోంచి వరిగడ్డి మోపులు తెచ్చి రోడ్డుకు అడ్డంగా ఆనకట్టలా పేర్చారు. వాళ్ళ ఏడాది పశుగ్రాసం అది. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరిది ఎంతని చూసుకోలేదు. అలాంటి జనం దొరకడం ఎవరికైనా అదృష్టమే. నిర్మల మాత్రం అవేమీ చూడలేదు. మలుపులో కారు కనబడగానే గడ్డి ముందుకెళ్ళి, రోడ్డు నడిబొడ్డున, అల్లరి క్లాసు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడింది.

సన్యాసిరావు బ్రేకు తొక్కాడు. కారు ఆమెకు బారెడు దూరంలో బుద్ధిగా ఆగింది.

యర్రయ్య ఎర్ర తువ్వాలు దించాడు. "టీచరమ్మని సూసి బ్రేకుల్నేని బండి ఆగిపోనాదిరా."

సన్యాసిరావు దిగాడు. గడ్డిని చూశాడు, మనుషుల్ని చూశాడు. ఆ కర్రలు తనను కొట్టడానికి కాదని అప్పటికి అర్థమైంది. "బ్రేకులు బాగానే ఉన్నాయి. నేనే ఆపలేదు. నన్ను క్షమించండి," అన్నాడు.

"ఊరుకో బాబూ," అంది ముత్యాలమ్మ, చెంగుతో అతని మొహం తుడుస్తూ. "నానుండగా నువ్వు ఆపకపోడవేటి? బండిని ఎనకేసుకొత్తన్నావు. ఎంత మంచి మనసో."

సరిగ్గా అప్పుడే లోయలోంచి రైలు కూత వినబడింది. విశాఖపట్నం వెళ్ళే ఆ రోజు రైలు, నిర్మల లేకుండానే, సొరంగంలోకి దూరింది.

ఊరివాళ్ళు అంతటితో వదల్లేదు. కారును టీ కొట్టు దాకా తోసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, గేదె పలుపుతో పనసచెట్టుకు కట్టేశారు. తెల్లారి టీచరమ్మను రవిబాబు జీపులో పంపాలని తీర్మానించారు. మొగుడూ పెళ్ళాలు నడిచి ఇల్లు చేరారు.

"నిజంగా ఆపలేదా?" అంది నిర్మల గుమ్మంలో.

"ఆపలేదు."

"ముత్యాలమ్మ నెత్తిన బుట్టతో ఉంటే?"

"చెయ్యి ఊపాను."

నిర్మల అతని వంక చాలాసేపు చూసింది. ఆడమనిషి ఎదురొస్తే ఆఫీసు మెట్లు కూడా దిగి దారిచ్చే మొగుడు ఇతను. "నా పరీక్ష కోసం నలుగురిలో అంత సిగ్గు పడ్డారా," అని, కళ్ళు తుడుచుకుని, రగ్గు తెచ్చి ఈసారి అతనికే కప్పింది.

తెల్లవారుజామున బొండుగుడలో మంచు ఎదుటి మనిషి కనబడనంత చిక్కగా ఉంది. రవిబాబు జీపు తాళం తిప్పాడు. జీపు దగ్గింది, మూలిగింది, ఊరుకుంది. వేడినీళ్ళు పోశారు, తోశారు, బతిమాలారు. ఆ మూలుగు ఎక్కడ విన్నదీ నిర్మలకు బాగా గుర్తుంది.

ఆమె పనసచెట్టు దగ్గరికి వెళ్ళి పలుపు ముడి విప్పింది. "మీరు స్టార్టు చెయ్యండి," అంది.

సన్యాసిరావు తాళం తిప్పాడు. కారు ఒక్క తిప్పుకే, వెచ్చని పక్కలోంచి లేచినంత తేలిగ్గా లేచింది. అతనికి దాన్ని కౌగిలించుకోవాలనిపించింది.

"వద్దు టీచరమ్మా, బ్రేకుల్నేవు," అన్నాడు జగదీష్ అడ్డం వచ్చి.

"ఉంటే ఆగుతాం. లేకపోతే బేగి చేరతాం," అంది నిర్మల, ముందు సీట్లో కూర్చుని పుస్తకం తెరుస్తూ.

ముత్యాలమ్మ వెనక తలుపు తీసి గుమ్మడికాయల బుట్టతో సహా ఎక్కింది. "టీచరమ్మ ఉందిగదా, భయవేటి. నన్ను కోట సంతలో దింపండి," అంది. ఘాటు దిగే దారంతా కబురు ముందే పాకిపోయింది. మంచులో నిలబడ్డ మనుషులు కారును చూసి పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టారే గానీ ఒక్కరూ చెయ్యెత్తలేదు. పరీక్ష హాలు గేటు తెరవకముందే వాళ్ళు అక్కడున్నారు.

నిర్మల ఆ ఏడు పాసైంది, హెడ్మిస్ట్రెస్ అయింది. సన్యాసిరావు ఇప్పటికీ దారిలో కనబడ్డవాళ్ళందరి దగ్గరా కారు ఆపి ఎక్కమని బతిమాలుతుంటాడు. వాళ్ళు ముందు వంగి, కారులోకి తొంగి చూస్తారు. టీచరమ్మ కనబడకపోతే, "బస్సొత్తాది లెండి బాబూ," అంటారు.