రెండు వేళ్ల ఎత్తు

సింగపూర్ తెలుగు తేజోవలయం అనే మా సంఘం గత ఉగాది సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఒక్కటే: మహీధర్ కారు మన జాతికి గర్వకారణం. వార్షిక నివేదిక, కోశాధికారి ఎన్నిక, పులిహోరలో ఉప్పు తక్కువైందన్న ఫిర్యాదు సమయాభావం వల్ల వాయిదా పడ్డాయి.

మహీధర్ వన్-నార్త్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు. సెంగ్‌కాంగ్‌లో భార్య అరుంధతి, కూతురు నిఖిలతో ఉంటాడు. నెమ్మదస్తుడు, దురలవాట్లు లేనివాడు. నలభై దాటగానే ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. అంతవరకు క్షమించదగ్గ విషయమే. ఈ దేశంలో ప్రభుత్వమిచ్చే పర్మిటుతో పాటు పదేళ్లకే కారు ఆయుష్షు తీరుతుంది కాబట్టి, ఉన్నన్నాళ్లూ అది అందంగా ఉండాలని అతని వాదన. అందుకని కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు తీయించి పొట్టి స్ప్రింగులు వేయించాడు. కారు నాలుగు వేళ్ల మేర కిందికి దిగింది. చక్రాలు పైభాగాన లోపలికి వాలాయి. వెనక నుంచి చూస్తే, బరువెత్తబోయే వస్తాదు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉండేది.

స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా, కారు అడుగు తగలకుండా, అరుంధతి, నిఖిల కారు దిగి, నడిచి, అవతల మళ్లీ ఎక్కేవాళ్లు. మహీధర్ దీన్ని కుటుంబ వ్యాయామం అనేవాడు. అరుంధతి ఏమనేదో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మా అధ్యక్షులు వీరభద్రరావుగారు యీషున్‌లో ఉంటారు. బ్యాంకులో పెద్ద హోదాలో రిటైరైనవారు, కాబట్టి మైకు ఎవరి చేతిలో ఉన్నా అది ఆయనదే. ఉగాదినాడు పార్కింగులో ఆ కారు పక్కన నిలబడి ఇలా సెలవిచ్చారు:

"ఎంత ఎదిగినా నేలను మరవని మనిషి మన మహీధర్! ఇంతమంది తెలుగువాళ్లం ఇక్కడ ఉన్నాం. నేలకు ఇంత దగ్గరగా తిరుగుతున్నవాడు మనలో ఇంకొకడు ఉన్నాడా?"

లేడని అందరం చప్పట్లతో ఒప్పుకున్నాం. తర్వాత ఆయన కారులో కూర్చుని ఫోటో దిగారు. కూర్చోవడం తేలికగానే జరిగింది. బయటికి లాగడానికి మాత్రం సాంస్కృతిక కార్యదర్శి జనార్దన్, మరి కొందరు బలమైన సభ్యులు కావలసి వచ్చారు.

కొన్నాళ్లకు కారు ఎడమవైపు లాగడం మొదలుపెట్టింది. మహీధర్ స్టీరింగును కుడివైపు బిగించి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. కుడి భుజం నొప్పి పుట్టింది. ఫిజియోథెరపీకి వెళ్లాడు. ఆఫీసులో కుర్చీ మార్పించాడు. సంఘం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. కారు ముఖం దక్షిణానికి ఉందని భానుమతి ఆంటీ కనిపెట్టారు. మహీధర్ పార్కింగు చోటు మార్చాడు. కారు ఉత్తరాన్ని చూస్తూ కూడా ఎడమకే లాగింది.

మహీధర్‌కు కారణం తెలియదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. అతనికి అంతా తెలుసు. చక్రం లోపలికి వాలితే బరువంతా టైరు లోపలి అంచు మీదే పడుతుందనీ, రెండు చక్రాలూ ఒకే దిక్కు చూడకపోతే టైరు రోడ్డును రాసుకుంటూ పోతుందనీ, కారు కాస్త లేపి అలైన్‌మెంట్ చేయించాలనీ తెలుసు. ఈ విషయమై సహోద్యోగులకు స్లైడ్లు వేసి మరీ చెప్పాడు. తెలిసినదాన్ని చేయాలన్న నిబంధన ఎక్కడా లేదు కదా. పైగా బయటి నుంచి చూస్తే టైర్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

ఒక శనివారం మధ్యాహ్నం అరుంధతి నిఖిలను డ్యాన్సు క్లాసుకు తీసుకెళ్తోంది. కుండపోత వాన. ఎక్స్‌ప్రెస్‌వే దిగే మలుపులో కారు వెనకభాగం ఒక్కసారిగా జారింది. అరుంధతి బ్రేకు తొక్కింది. కారు దానికి సంబంధం లేనట్టు సగం చుట్టు తిరిగి, రోడ్డు పక్క ఇనుప కమ్మీని రాసుకుంటూ ఆగిపోయింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరు ఎలాగో ఆపగలిగాడు.

ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. నిఖిల కాళ్ల గజ్జెలు మాత్రం చాలాసేపు చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

మహీధర్ ట్యాక్సీలో పరుగెత్తుకొచ్చాడు. దిగీదిగగానే ముందు బంపరు వైపు చూశాడు. అది అరుంధతి చూసింది.

"బంపరు బానే ఉంది," అంది. "మేం కూడా బానే ఉన్నాం. నువ్వు అడగలేదనుకో."

మహీధర్ వానలోనే మోకాళ్ల మీద కూర్చుని వెనక టైరు లోపలి వైపు చేయి పెట్టాడు. రబ్బరు అరిగిపోయి ఉక్కు తీగలు పైకి తేలాయి. ఒకటి వేలికి గుచ్చుకుంది. అతను ఆ వేలిని చూసుకున్నాడు. తర్వాత లేచి, నిఖిల దగ్గరికి వెళ్లి, తడిచేతులతోనే దగ్గరికి తీసుకున్నాడు.

"సారీ అమ్ములూ."

"ఇట్స్ ఓకే నాన్నా," అంది నిఖిల ముక్కు తుడుచుకుంటూ. "బట్ నెక్స్ట్ టైమ్ వీ టేక్ ద ట్రైన్, కెన్? సరేనా?"

మర్నాడే ముగ్గురూ కారును యీషున్‌లో కమలం ఆంటీ వర్క్‌షాపుకు తీసుకెళ్లారు. ఆవిడ మలేషియాలోని జోహోర్‌లో పుట్టిన తెలుగావిడ. గొంతు గట్టిది, ఒంటినిండా బంగారం, ఆ చుట్టుపక్కల ఆవిడ పేరు తెలియని కారు లేదు. లిఫ్టు మీద పైకెత్తిన కారు కింద నిలబడి టైరు చూసి, "ఈ పక్క కొత్తది, ఆ పక్క హబిస్! మొత్తం అయిపోయింది తంబీ," అంది. "టైర్లు మారుస్తా, అలైన్‌మెంట్ పెడతా. కారు ఇంత కిందుంటే ఇవీ ఇట్టాగే పోతాయి. లేపనా, ఒద్దా?"

"కొంచెం... బయటికి కనిపించకుండా లేపడం కుదురుతుందా ఆంటీ?" అన్నాడు మహీధర్.

"లేపండి ఆంటీ," అంది అరుంధతి. "కనిపించేట్టే లేపండి."

చర్చ ముగిసింది. ఆ పొట్టి స్ప్రింగుల చోట కాస్త పొడవైనవి వచ్చాయి. చక్రాల వాలు సరిదిద్దడానికి వెనక కొత్త కడ్డీలు బిగించారు. కొత్త టైర్లు వేసి, చక్రాలకు కొలత పలకలు తగిలించి, కంప్యూటరు తెరమీద ఎర్ర అంకెలన్నీ పచ్చబడేదాకా మరలు తిప్పారు. అంతా కలిపి కారు రెండు వేళ్ల ఎత్తు పెరిగింది.

తిరుగుప్రయాణంలో కారు గీత గీసినట్టు నేరుగా పోయింది. మహీధర్ కుడి భుజం దానంతటదే కిందికి జారింది. ఇన్నాళ్లూ కారు నడపలేదనీ, దానితో కుస్తీ పట్టాననీ అతనికి అప్పుడు అర్థమైంది. ఇంటి దగ్గర స్పీడు బ్రేకరు వచ్చింది. అలవాటు కొద్దీ అరుంధతి తలుపు మీద చేయి వేసింది. మహీధర్ తల అడ్డంగా ఊపాడు. కారు మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. ముగ్గురూ పగలబడి నవ్వారు.

ఈ సంతోషం తేజోవలయం తర్వాతి సమావేశం దాకా నిలిచింది.

ఆ రోజు కారు పార్కింగులోకి రాగానే అందరం అటు తిరిగాం. కారు పెరిగింది! కాఫీల వేళకు మా మాటల్లో మహీధర్ ఉద్యోగం ప్రమాదంలో పడింది. వడలు వచ్చేసరికి ఊడింది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో సెంగ్‌కాంగ్ ఫ్లాటు అమ్మకానికి వచ్చింది. "పాపం, స్ప్రింగులు కూడా అమ్ముకున్నారట," అని భానుమతి ఆంటీ కళ్లొత్తుకున్నారు.

ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడం మా ఆశయాల్లో ఒకటి. కనుక లడ్డూల డబ్బాతో ప్రతినిధి బృందంగా వాళ్లింటికి వెళ్లాం. వీరభద్రరావుగారు సోఫాలో కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"ఉద్యోగం పోవడం నేరం కాదు నాయనా. యావత్ తెలుగుజాతీ నీ వెనక నిలబడింది. నీ రెజ్యూమే ఇయ్యి, గ్రూపులో పెట్టిస్తాను."

"ఉద్యోగానికేం కాలేదంకుల్. టైర్లు అరిగిపోతుంటే కారు లేపించాం, అంతే."

వీరభద్రరావుగారు అతని భుజం తట్టారు. "మంచిది. అడిగినవాళ్లందరికీ అలాగే చెబుదాం."

వీడ్కోలు చెప్పడానికి మహీధర్, అరుంధతి లిఫ్టు దాకా వచ్చారు. అక్కడ అధ్యక్షులవారు గొంతు తగ్గించారు.

"వచ్చే వారం మా అబ్బాయి లోహిత్‌ను చూడ్డానికి పిల్ల తరఫువాళ్లు వస్తున్నారు. మా కారు మరీ పొడుగ్గా, గుమాస్తా కారులా ఉంది. నీది కిందికి దించాడే, అతని నంబరు ఓసారి ఇస్తావా?"

"వద్దంకుల్! టైర్లు లోపలి వైపు తీగలు తేలిపోతాయి. వానలో మావాళ్లకి ప్రాణం మీదికొచ్చింది."

"లోపలి వైపే కదటయ్యా?" వీరభద్రరావుగారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. "వచ్చేవాళ్లు అంత లోతుగా వంగి చూస్తారా ఏమిటి!"

మహీధర్ అరుంధతి వైపు చూశాడు. ఈలోగా లిఫ్టు వచ్చింది. తలుపులు మూసుకోకుండా జనార్దన్ చేయి అడ్డం పెట్టాడు. నంబరు రాసుకోవడానికి మేమందరం ఫోన్లు తీశాం.