కొండ దారి, జీపు, అరవై గుడ్లు

ముందుగా ఒక మాట. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు జరిగింది అన్యాయం. పట్టపగలు, ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో, నా దస్తూరీతో నేను రాసిచ్చిన కాగితం సాక్షిగా జరిగిన అన్యాయం.

నేను తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారిని. కిలో రాయి కిలో ఉందా, మీటరు కర్ర మీటరుందా అని చూడటం నా పని. ఇరవై రెండేళ్ళు అదే పని చేసినవాడికి ఏ వస్తువు కనపడినా చెయ్యి జేబులోని టేపు మీదికి పోతుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారింటికి వెళ్ళి వాళ్ళ గుమ్మం ఎత్తు కొలిచానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది పూర్తి నిజం కాదు. వెడల్పు కూడా కొలిచాను.

మా ఆవిడది గుడ్ల వ్యాపారం. ఊరి బయట కోళ్ళ ఫారంలో గుడ్లు ఎత్తుకుని, కొండ మీద క్వారీ పనివాళ్ళ హాస్టలుకి చేరుస్తుంది. దానికి ఆవిడ వాడేది తెల్ల చిన్న కారు. వెనక సీటు పీకించేసి ట్రేలు పేర్చుకుంటుంది. ఆ కారుని నేను పొట్టిది అంటాను. నేను ఎక్కినప్పుడల్లా మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, అంతకంటే గౌరవంగా పిలవడం నావల్ల కాదు.

మా వరసలో మూడో ఇంటి పెద్దాయన అటవీ శాఖలో చేసి రిటైరయ్యారు. ఏ కబురు మొదలుపెట్టినా ఎక్కడో చూసిన పులి అడుగు దగ్గరికి వచ్చి ఆగుతారు కాబట్టి వీధిలో ఆయన పేరు పులిపంజా. ఆయనకి ఒక పాత ఆకుపచ్చ జీపుంది. మోకాళ్ళు అరిగిపోయి క్లచ్చు తొక్కలేక, దాన్ని మంచి చేతుల్లో పెట్టాలని చూస్తున్నారు. అప్పటికే పళ్ళ డాక్టరు ఒకాయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. పళ్ళ డాక్టరుకి జీపెందుకండీ, పంటి సందుల్లో తిప్పడానికా?

ఆ జీపు నాకు కావాలి. ఎందుకూ అంటారా? యాభై ఏళ్ళు వచ్చిన మనిషి, రోజూ తక్కెడల ముందు కూచునే మనిషి, ఒక్కసారి రోడ్డు దిగి వెళ్ళాలనుకోవడం తప్పా? కానీ మా ఇంట్లో షెడ్డు ఒకటే. రాత్రిళ్ళు వీధిలో బండి పెట్టనివ్వరు. జీపు లోపలికి రావాలంటే పొట్టిది బయటికి పోవాలి.

మా ఆవిడ దగ్గర కోరికలు చెల్లవు, లెక్కలు కావాలి. అందుకని ఒక పట్టిక తయారుచేశాను. జీపు, పొడుగు వ్యాను, పికప్పు, ట్రాక్టరు, పొట్టిది, మొత్తం ఐదు బండ్లు. నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ ఎంత, ముందు భాగం ఎంత వాలుని గుద్దుకోకుండా ఎక్కుతుంది, తోక ఎంత వాలులో నేలకి తగులుతుంది, ఎన్ని అంగుళాల నీళ్ళలో దిగొచ్చు. ఒక్కొక్కదానికీ మార్కులు. వారం రోజులు వీధిలో ఎవరి బండి కనిపిస్తే దానికింద పడుకున్నాను. పాల వ్యాను డ్రైవరు నన్ను చూసుకోకుండా బండి తీయబోయాడు కూడా. శాస్త్రం కోసం ఇలాంటివి పడాలి.

పట్టిక చేతికిస్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. నాకు ఆశ పుట్టింది.

"ట్రాక్టరుకి తొంభై ఆరు వచ్చాయే" అంది.

"అవును. దాని తర్వాత జీపు."

"అయితే ట్రాక్టరే తెచ్చుకోండి. ఆఫీసుకి దాంట్లో వెళ్ళండి."

నేను ట్రాక్టరు సంసారపక్షం కాదని చెప్పాను. ఆవిడ మళ్ళీ పట్టిక చూసింది. గుడ్ల గడి ఏదని అడిగింది. గుడ్లకి గడి ఏమిటన్నాను. బండి ఎంత ఎత్తుందో, ఎంత నీళ్ళలో దిగుతుందో తనకి అక్కర్లేదట, పైకి చేరాక ట్రేలో ఎన్ని గుడ్లు మిగిలాయన్నదే తన కొలత అట. ఇరవై రెండేళ్ళ అనుభవమున్న అధికారి చేసిన పట్టికకి కోడిగుడ్డు అడ్డం వచ్చింది చూడండి. ఇలాంటివి వింటే రక్తం ఉడికిపోదూ?

"పొట్టిది ఆ కొండ ఎక్కడమే అదృష్టం" అన్నాను. "ఏదో ఒక రోజు దారిలో ఊట దగ్గర బురదలో దిగబడితే తెలుస్తుంది."

"ఆరేళ్ళుగా ఎక్కుతోంది."

"జీపైతే ఆడుతూ పాడుతూ ఎక్కుతుంది."

"ఎవరు నడిపితే?"

ఆ రెండు మాటలు నన్ను ఎక్కడ తాకాయో మీకు చెప్పక్కర్లేదు. అక్కడికక్కడ పందెం వేశాను. ఆదివారం పొద్దున జీపులో నేను, పొట్టిదాంట్లో ఆవిడ, చెరి అరవై గుడ్లతో హాస్టలుకి ఎక్కాలి. ఎవరివి ఎక్కువ మిగిలితే వాళ్ళు గెలిచినట్టు. గెలిచినవాళ్ళే షెడ్డులో ఏ బండి ఉండాలో చెప్పాలి.

అక్కడితో ఆగినా బాగుండేది. నాకింకో అనుమానం వచ్చింది. రేపు నేను గెలిచి జీపు తెస్తే, గుడ్ల వంకతో ఈవిడ రోజూ దాన్ని పట్టుకుపోదూ? అందుకని ఇంకో షరతు చేర్చాను. ఓడినవాళ్ళు ఆ బండి స్టీరింగు ఈ జన్మలో ముట్టుకోకూడదు. ఆవిడ కాస్త ఆలోచించి, అంత పెద్ద మాట ఎందుకంది. భయపడిందనుకున్నాను. వెంటనే ఆఫీసు కాగితం తీసి, షరతులు ఒకటి రెండు అని అంకెలు వేసి, కింద గీత గీసి సంతకం పెట్టాను. ఆవిడ సంతకం పెట్టి, ఆ కాగితాన్ని గుడ్డతో తుడిచి మరీ బీరువాలో దాచింది.

పులిపంజాగారు జీపు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఎలా నడపాలో చెబుతాను రావయ్యా అని రెండుసార్లు పిలిచారు. నేను పుస్తకాలు చదివాను, నాకు చెప్పేదేముంది అన్నాను. శనివారం సాయంత్రం జీపుని గంటసేపు తోమాను. ముందు చక్రాల నడిబొడ్డున రెండు గుండ్రటి ఇత్తడి బిళ్ళలున్నాయి. ఆ కాలంలో బండ్లకి ఇలాంటి అలంకారాలు ఎంత ముచ్చటగా పెట్టేవాళ్ళో అనుకుంటూ వాటిని ప్రత్యేకంగా నిమ్మచెక్కతో రుద్దాను. మొహం చూసుకునేంత మెరిశాయి.

ఆదివారం బయల్దేరాం. న్యాయనిర్ణేతగా పులిపంజాగారు జీపెక్కుతారనుకున్నాను. ఆయన చక్కా వెళ్ళి పొట్టిదాంట్లో కూచున్నారు. మోకాళ్ళు కుదుపులు తట్టుకోలేవట. తన జీపు ఎక్కడానికి తనే భయపడే మనిషి, దాన్ని మంచి చేతుల్లో పెడతానని అందరికీ చెప్పుకుంటాడు.

తారు రోడ్డు అయిపోగానే రాళ్ళ దారి మొదలైంది. నేను యాక్సిలేటరు తొక్కాను. జీపు రాయి మీది నుంచి రాయి మీదికి దూకుతుంటే నా ప్రాణానికి హాయిగా ఉంది, ఆ మాట దాచుకోను. వెనక ట్రేల్లో టపటపమని చప్పుళ్ళు వినిపించాయి. తిరిగి చూడలేదు. వీరుడు వెనక్కి చూడకూడదు. అద్దంలో మాత్రం పొట్టిది ఎక్కడో కింద, ఒక్కో రాయినీ పలకరిస్తూ, నత్తలాగా వస్తోంది.

క్వారీ కింద ఒక ఊట ఉంది. నీళ్ళ ట్యాంకర్లు అక్కడే నింపుకుంటాయి. అవి కార్చిన నీళ్ళతో ఏడాది పొడుగునా అక్కడ బురదే. నేను పుస్తకాల్లో చదివినట్టే నాలుగు చక్రాలూ తిరిగే మీట లాగాను. లాగానని ఎక్కడైనా చెబుతాను. ధీమాగా దిగాను. సగం దూరం పోయి జీపు ఆగింది. ఇంకా తొక్కాను. ఇంజను అరిచింది, వెనక చక్రాలు తిరిగాయి, బురద లేచి నా చొక్కా మీద, మొహం మీద, గుడ్ల మీద సమానంగా పడింది. జీపు ఇరుసుదాకా కూరుకుపోయింది.

పది నిమిషాలకి పొట్టిది వచ్చి బురద అంచున ఆగింది. మా ఆవిడ దిగి, నన్ను ఒకసారి, బురదని రెండుసార్లు చూసింది. డిక్కీలోంచి నాలుగు గోనెసంచులు తీసి, అంచు పక్కన గట్టిగా ఉన్న చోటు చూసి పరిచింది. పొట్టిది వాటి మీది నుంచి, కూరుకుపోయిన జీపు పక్కనుంచి, చక్కగా దాటిపోయింది. లోపల పులిపంజాగారు నాకు చెయ్యి ఊపారు.

అప్పుడు ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని, చెప్పులు విప్పి వెనక్కి వచ్చింది.

"ముందు చక్రాలవి తిప్పారా?"

"చక్రాలు ఇంజను తిప్పుతుంది, నేను తిప్పేదేముంది?"

ఆవిడ బురదలో మోకాలు మోపి, నేను నిమ్మచెక్కతో రుద్దిన ఆ బిళ్ళని చేత్తో పట్టుకుని సగం చుట్టు తిప్పింది. టక్కుమంది. అవతలి చక్రానిదీ తిప్పింది. ఈ పాత జీపుల్లో మనిషి దిగి ఆ బిళ్ళలు తిప్పితేనే ముందు చక్రాలు ఇంజనుతో కలుస్తాయట. లోపల మీట ఎంత లాగినా లాభం లేదట. అంటే అప్పటిదాకా నేను నడిపింది రెండు చక్రాల బండి.

"గంటసేపు తోమారు కదా" అంది నెమ్మదిగా, "వాటి మీద రాసుంది. చదవలేదా?"

తోముతున్నప్పుడు ఎవరు చదువుతారండీ, మీరే చెప్పండి.

నన్ను పక్క సీట్లోకి జరగమంది. జరిగాను. ఆవిడ యాక్సిలేటరు తొక్కినట్టే లేదు, జీపు మాత్రం ఒళ్ళు విరుచుకుని లేచి, మెల్లగా గట్టెక్కింది. ఆ గేర్లు ఆవిడ చేతికి అంత తేలిగ్గా ఎలా పడుతున్నాయా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మొహం మీది బురద తుడుచుకునే పనిలో ఉండి రాలేదు. ఆవిడ దిగి పొట్టిదాంట్లోకి వెళ్ళింది, మిగతా దారి జీపుని నేనే ఎక్కించాను.

హాస్టలు దగ్గర వంటావిడ ట్రేలు దింపించి లెక్కపెట్టింది. మా ఆవిడవి యాభై తొమ్మిది. ఆ ఒక్కటీ పులిపంజాగారి మోచెయ్యి తగిలి పోయింది. నావి పదిహేడు. మిగతావాటిని వంటావిడ గిన్నెలోకి ఒంపుకుని, రేపటికి కొట్టుకునే శ్రమ తప్పిందని నాకు దణ్ణం పెట్టింది.

నేను మగవాడిలా ఓటమి ఒప్పుకున్నాను. "సరే, షెడ్డులో నీ పొట్టిదే ఉండనీ" అన్నాను. ఆ జీపు ముందు అద్దంలోంచి కనిపించే కొండ దారి నాకు నిజంగానే నచ్చింది. పళ్ళ డాక్టరు దాన్ని తోలుకుపోతాడనుకుంటే ఏడుపొచ్చినంత పనైంది.

"పొట్టిది ఎందుకు?" అంది ఆవిడ. "గెలిచినవాళ్ళు చెప్పాలని కదా. జీపే ఉండాలి."

నాకు అర్థం కాలేదు. గెలిచింది పొట్టిది కదా అన్నాను. గెలిచింది బండి కాదు, తను అంది. పొట్టిదాని క్లచ్చు అయిపోవచ్చిందట, గుడ్ల ఆర్డరు రెట్టింపయిందట, జీపు లేకపోతే కుదరదట. పొట్టిదాన్ని టైలరింగు షాపున్న మా మరదలు తీసుకుంటానని నెల కిందటే అడిగిందట.

నేను పులిపంజాగారి వంక తిరిగాను. ఆయన ఉడికిన గుడ్డు పెంకు తీసుకుంటున్నారు.

"అమ్మాయి నెల నుంచి నేర్చుకుంటోందయ్యా" అన్నారు. "నువ్వు ఆఫీసుకి వెళ్ళాక రోజూ గంట. నా చేతి కింద నలుగురు గార్డులు నేర్చుకున్నారు, ఈ అమ్మాయంత శ్రద్ధ ఎవరికీ లేదు. జీపు తనకే ఇస్తానని అప్పుడే మాటిచ్చాను."

"మరి నాతో పందేనికి ఎందుకు ఒప్పుకున్నావు?" అని ఆవిడని నిలదీశాను. "జీపు కావాలని అడిగితే నేను వద్దనేవాడినా?"

"అడిగితే మీరు ఎగిరి గంతేసి ఒప్పుకునేవారు" అంది. "ఆ రోజు స్టీరింగు ముందు కూచున్నవారు మళ్ళీ దిగేవారు కాదు. నా గుడ్ల గతి ఏం కాను? మిమ్మల్ని ఆపే దారి ఆలోచిస్తుంటే మీరే కాగితం మీద రాసిచ్చారు."

ఇది న్యాయమా అని పులిపంజాగారిని అడిగాను. రెండో షరతు తన దస్తూరీ కాదన్నారు.

ఇప్పుడు మా షెడ్డులో జీపుంది. నేను కోరుకున్న జీపే, నేను తొంభై మార్కులు వేసిన జీపే. పొద్దున్నే ఆవిడ కొండెక్కి వచ్చాక నన్ను ఆఫీసు దగ్గర దింపుతుంది. సెలవు రోజున నేనూ కొండెక్కుతాను, పక్క సీట్లో, ఒళ్ళో గుడ్ల ట్రేతో. ట్రేని గట్టిగా పట్టుకోవద్దనీ, వదులుగా కూచుని బండితో పాటు ఊగమనీ చెబుతుంది. ఊగుతాను. ఆవిడ నడుపుతుంటే ఆ దారి బాగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు. ఆ మాట మాత్రం ఆవిడ చెవిన వెయ్యకండి.

నా వంతు సాయంగా ముందున్న గుంటలు చూసి చెబుతుంటాను. ఎంత లోతో, ఎంత వెడల్పో అంగుళాలతో సహా చెబుతాను. ఆవిడ రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా "చూశాను" అంటుంది. ప్రతి గుంటకీ అదే మాట. కనీసం ఒక్క గుంటైనా నేను చెప్పిన తర్వాత చూడొచ్చు కదండీ.